సభ తేదీ ఎవరి వీలుకు?

గత సంచికలో కరెంటు చార్జీల మీద జరిగే బహిరంగ విచారణ గురించి నాలుగు మాటలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో చార్జీల ఊసు తక్కువ, సభల ఊసు ఎక్కువ. ఎప్పుడు పెడతారు, అప్పుడే ఎందుకు పెడతారు, పెట్టి ఏం లాభం అని. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

కొత్తగా చదివేవారికి ఒక మాట. నేను ఉద్యోగం చేసినంత కాలం ఒక విద్యుత్ పంపిణీ సంస్థ లెక్కల విభాగంలో ఉన్నాను. విచారణ సభల్లో నా కుర్చీ జనం వైపు కాదు, కంపెనీ బల్ల వెనక. పెద్ద అధికారి మైకు ముందు తడబడితే, ఫైలు తిరగేసి చీటీ మీద అంకె రాసి అందించడం నా పని. ఎలాంటి ప్రశ్నకు మా బల్ల మీద మంచినీళ్ల గ్లాసులు ఖాళీ అయ్యేవో నాకు బాగా తెలుసు. ఆ జ్ఞానాన్ని ఇప్పుడు ఇటువైపు పంచుతున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మిర్చి సాగు. జనవరి వచ్చిందంటే కోతలు మొదలవుతాయి, కూలీలు దొరకడమే గగనం. మధ్యలో సంక్రాంతి. సరిగ్గా ఆ రోజుల్లోనే చార్జీల మీద విచారణ అని పేపర్లో వేస్తారు. మాలాంటివాళ్లు రాకూడదనే ఆ తేదీలు పెడతారా?
— ఒక రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు రాకూడదని ఎవరూ కూర్చుని కుట్ర చేయరండీ. తేదీ వేసేటప్పుడు మీరు అసలు ఎవరికీ గుర్తుకే రారు. నాకు అదే ఎక్కువ బాధ.

లెక్క ఇలా నడుస్తుంది. కొత్త చార్జీలు ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ, పెట్టిన దరఖాస్తు అందాక 120 రోజుల్లోపు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ తేల్చేయాలి, అదీ జనం పంపిన సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే. ఏప్రిల్ నుంచి 120 రోజులు వెనక్కి లెక్కపెట్టండి, నవంబరు చివరికి చేరతారు. అందుకే నవంబరు 30 లోపు డిస్కంలు తమ వార్షిక ఆదాయ అవసరాల నివేదికను దాఖలు చేయాలి. దాన్నే మా భాషలో ఏఆర్ఆర్ అంటాం. తర్వాత పత్రికా ప్రకటన, అభ్యంతరాలకు గడువు, వాటికి డిస్కంల లిఖిత సమాధానాలు. ఇవి ముగిసేసరికి సంక్రాంతి. విచారణ అయ్యాక కమిషన్ లెక్కలు వేసుకుంటుంది. ఎవరికి ఎంత సబ్సిడీ ఇస్తుందో ప్రభుత్వం చెబుతుంది. 65వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్ము ముందుగానే కట్టాలి. అది తేలాక ఆర్డరు.

గమనించారా, ఈ నాలుగు నెలల్లో ముందరి భాగం కంపెనీది, చివరి భాగం ప్రభుత్వానిది. నడుమ మిగిలిన ఇరుకు సందు మీది. డిస్కం దాఖలు చేయడంలో ఆలస్యం చేసిందనుకోండి, కోత పడేది ఆ సందులోనే. ప్రభుత్వ గడువు కుదించే ధైర్యం ఎవరికుంటుంది?

చట్టం జనవరి అనలేదు. ఫలానా ఊళ్లోనే పెట్టమనీ అనలేదు. పగలు పదిన్నరకే మొదలుపెట్టమనీ అనలేదు. మిర్చి, పత్తి పండే జిల్లాల వారికి సాయంత్రం పూట దగ్గరి పట్టణంలో ఒక విడత విచారణ పెట్టవచ్చు. ఆన్‌లైన్‌లో మాట్లాడే వీలు కోవిడ్ తర్వాత వచ్చింది. మండల కేంద్రంలోని డిస్కం కార్యాలయంలో కెమెరా పెట్టి రైతులను కూర్చోబెడితే గుంటూరు దాకా కూడా రానక్కర్లేదు. ఇవి అడగవలసినవి. కమిషన్ కార్యదర్శికి సెప్టెంబరులోనే ఉత్తరం రాయండి. డిసెంబరులో రాస్తే అప్పటికి హాలు బుక్ అయిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. మీ మోటారుకు ఉచిత విద్యుత్తే కదా, చార్జీల సభతో మీకేం పని అని ఎవరైనా అంటే నమ్మకండి. మా బల్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది రేటు గురించి అడిగినవారు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలన్న నిబంధన ఉంది. తన ట్రాన్స్‌ఫార్మర్ ఏ తేదీన కాలిందో, ఏ తేదీన వచ్చిందో, దాన్ని తెచ్చిన ట్రాక్టరు కిరాయి ఎవరు కట్టారో కాగితం మీద రాసుకొచ్చి చదివిన రైతును నేను చూశాను. దానికి జవాబు ఏ ఫైల్లోనూ లేదు. నేను ఏ చీటీ రాయగలను?

ప్రశ్న: సంవత్సరానికి ఒకసారి సభ పెట్టి చార్జీలు నిర్ణయిస్తారని మీరు రాశారు. మరి ప్రతి నెలా బిల్లులో సర్దుబాటు చార్జీ అని వస్తోందే, దానికి ఎప్పుడు సభ పెట్టారు?
— ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: పెట్టలేదు. మీ అనుమానం సరైనదే.

62వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: మామూలుగా ఏడాదికి ఒకసారికి మించి టారిఫ్ మార్చకూడదు, ఇంధన సర్‌చార్జీ సూత్రం కింద వచ్చే మార్పులు తప్ప. ఆ "తప్ప" లోంచి మీ బిల్లులోకి వచ్చిందది. బొగ్గు ధర పెరిగినా, బయట కొన్న కరెంటు ఖరీదైనా ఆ తేడా వినియోగదారుడి మీదికి వస్తుంది. 2022 డిసెంబరులో కేంద్రం విద్యుత్ నియమాలు సవరించి దాన్ని నెలనెలా దానంతటదే వసూలయ్యేలా చేసింది. ఆ తర్వాత తెలంగాణలో యూనిట్‌కు 30 పైసలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 పైసలు పరిమితిగా పెట్టారు. ఏడాది చివర అసలు లెక్క తేల్చడానికి ట్రూ అప్ అని కమిషన్ ముందుకు వస్తుంది. అభ్యంతరాలు అడిగేది అప్పుడు.

అప్పటికి కరెంటు కొన్నారు, కాల్చారు, డబ్బు కూడా చాలావరకు మన దగ్గర తీసుకున్నారు. పెళ్లయ్యాక జాతకాలు చూడటం ఇది. అయినా వెళ్లకుండా ఉండకండి. ట్రూ అప్‌లో అడగవలసింది "ఎందుకు పెంచారు" అని కాదు. కమిషన్ ఆమోదించిన జాబితాలో లేని చోట, ఆమోదించిన ధర కంటే ఎక్కువకు, ఏ నెలలో ఎన్ని యూనిట్లు కొన్నారు అని అడగాలి. ఆ పట్టిక దాఖలు పత్రాల్లో ఉంటుంది. దాంట్లో ఒక్క నెల తీసుకుని అడిగినా చాలు.

నా అభిప్రాయం అడిగితే, అసలు సభ జరగవలసింది ట్రూ అప్ దగ్గరా కాదు, ఏటా జరిగే ఏఆర్ఆర్ దగ్గరా కాదు. పాతికేళ్లకు విద్యుత్ కొనుగోలు ఒప్పందం కుదుర్చుకుని ఆమోదం కోసం కమిషన్ ముందుకు తెస్తారు చూడండి, 86వ సెక్షన్ కింద, అక్కడ జరగాలి. మీ బిల్లులో పెద్ద వాటా కరెంటు కొన్న ఖర్చే. దానికి సంతకం అయిపోయాక ఏటా జనవరిలో మనం వాదించుకునేది మిగిలిన చిల్లర గురించి. అలాగే ఐదేళ్లకోసారి పంపిణీ వ్యాపారపు ప్రణాళిక మీద, అంటే ఎన్ని సబ్‌స్టేషన్లు, ఎంత పెట్టుబడి అన్నదాని మీద విచారణ జరుగుతుంది. ఇప్పుడు నడుస్తున్న విడత 2024-25 నుంచి 2028-29 దాకా. అలాంటి విచారణల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉండటం నేను చూశాను. జనవరి సభకు మాత్రం నిలబడటానికి చోటుండదు.

ప్రశ్న: అమ్మా, నేను విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ప్రతిదానికీ సభ పెట్టడం కాలయాపన అని నా ఉద్దేశం. ఎప్పుడూ అవే పది ముఖాలు, అవే ఉపన్యాసాలు. నిపుణులు తేల్చవలసిన లెక్కను గుంపులో తేలుస్తారా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సార్, ఉపన్యాసాల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. స్వాతంత్ర్య పోరాటం దగ్గర మొదలుపెట్టి యూనిట్ ధర దగ్గరికి వచ్చేలోపు సమయం అయిపోయినవారిని నేనూ చూశాను. కానీ ఆ పది ముఖాల మీద నాకు గౌరవం ఉంది. మా దరఖాస్తును మాకంటే శ్రద్ధగా చదివేవారు వాళ్లే. ఒక పట్టికలోని మొత్తం ఇంకో పట్టికతో కలవడం లేదని మాకు చెప్పింది వాళ్లే. మన సొంత ఆడిట్ చెప్పలేదు.

ప్రతిదానికీ సభ అక్కర్లేదు, నిజమే. మీ ఇంటి మీటరు తిరుగుడు గురించి సభ పెట్టరు. దానికి 42వ సెక్షన్ కింద వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ గురించిన నియమావళికి లిఖితపూర్వక వ్యాఖ్యలు చాలు. తుపాను వచ్చి లైన్లు పడిపోయినప్పుడు ఎవరినీ అడగకుండా పని చేయాలి. నేను పెట్టుకున్న గీత ఇది: ఒకరి భారం ఇంకొకరి మీదికి మారే చోట సభ ఉండాలి. ఆ మారడం కాగితం మీద ఉన్నప్పుడే ఉండాలి.

నిపుణుల మాట ఎత్తారు కనుక 2000 సంవత్సరం గుర్తు చేస్తాను. మీరు అప్పుడు సర్వీసులోనే ఉండి ఉంటారు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, 1999 ఫిబ్రవరిలో రాష్ట్ర విద్యుత్ బోర్డు విభజన, ప్రపంచ బ్యాంకు రుణం, ఆ ఏడాదే కమిషన్. ఇదంతా నిపుణులు తేల్చిన లెక్కే. కొత్త కమిషన్ జనాన్ని పిలిచింది, అభ్యంతరాలు విన్నది, 2000 మే నెలలో తొలి టారిఫ్ ఆర్డరు ఇచ్చింది. ఆ చార్జీల పెంపు మీద నిరసనకు వచ్చిన జనం మీద ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. విచారణ జరగలేదని ఎవరూ అనలేరు. కానీ చార్జీ ఎంత అన్న ప్రశ్న జనం ముందుకు వచ్చేసరికి, సంస్థ రూపం ఏమిటి, అప్పు షరతులు ఏమిటి అన్న ప్రశ్నలకు జవాబులు ఖరారైపోయాయి. హాల్లో అడగలేకపోయినవి రోడ్డు మీద అడిగారు.

సభ పెట్టడం కమిషన్ దయ అనుకునేవారికి ఇంకొక్క మాట. పశ్చిమ బెంగాల్ కమిషన్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చార్జీల నిర్ణయంలో వినియోగదారుడి మాట వినడం అతని హక్కు అని చెప్పింది. అందరూ ఒకేసారి మీద పడకుండా నియమాలు పెట్టుకునే అధికారం మాత్రం కమిషన్‌కు ఉందన్నది. మీ కాలయాపన బెంగకు ఆ రెండో వాక్యం సరిపోతుందనుకుంటాను.

ప్రశ్న: మా ఊరి పక్కన గనికి ప్రజాభిప్రాయ సేకరణ అని ప్రకటన వచ్చింది. మా ఊళ్లో ఎవరూ వేయించుకోని ఇంగ్లిషు పేపర్లో చూశాను. రిపోర్టు వందల పేజీలు, అంతా ఇంగ్లిషు. సభ మంగళవారం పదకొండింటికి, అప్పుడు మా ఊరంతా నాట్లలో ఉంటుంది. కాలుష్య మండలి వారికి ఏమని రాయాలి?
— డిగ్రీ విద్యార్థి, నల్లగొండ జిల్లా

జవాబు: బాబూ, ఇది కరెంటు సంగతి కాకపోయినా నీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను. కలిసివచ్చిన అదృష్టం ఏమిటంటే, ఇక్కడ నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ నాలుగో అనుబంధం తీసుకో. ఆ కొద్ది పేజీలను అచ్చు తీయించి జేబులో పెట్టుకో.

అందులో ఉన్నది చెబుతాను. సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ రావాలి. కాబట్టి తెలుగు పేపర్లో వచ్చిందో లేదో ముందు చూడు. వస్తే ఏ తేదీన వచ్చిందో రాసుకో. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్‌లో, స్థానిక సంస్థల కార్యాలయాల్లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చదువుకోవడానికి ఉంచాలి. సారాంశం తెలుగులో ఉండాలి. నివేదిక మొత్తం తెలుగులో ఇవ్వాలని లేదు. ఉండాలని నేనంటాను, అది వేరే పోరాటం. నువ్వు ఇవాళే పరిషత్ కార్యాలయానికి వెళ్లి ఆ ప్రతి అడుగు. లేదన్నారనుకో, ఏ తేదీన అడిగావో, లేదని ఎవరన్నారో కాగితం మీద పెట్టి, అది అందినట్టు ఆ కార్యాలయం ముద్ర వేయించుకో. నీకు అదే పెద్ద ఆయుధం. గోవాలోని ఒక గని విషయంలో 2009లో ఢిల్లీ హైకోర్టు ఈ సంగతే పట్టించుకుంది: సభకు 30 రోజుల ముందు సారాంశం జనానికి అందాలి, జనం చెప్పిన అభ్యంతరాలను నిపుణుల కమిటీ కారణాలతో సహా పరిశీలించాలి అని.

సభ గని పక్కనే లేదా బాగా దగ్గరలో జరగాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధి గానీ నడపాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో, ఏం చర్చించారో అధికారి అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. చాలామంది ఆ సమయానికి ఇంటికి వెళ్లిపోతారు. మీ ఊరి వాళ్లలో నలుగురినైనా అప్పటిదాకా కూర్చోబెట్టు. చెప్పినదొకటి, రాసుకున్నదొకటి అయితే దొరికేది ఆ పది నిమిషాల్లోనే.

ఇక తేదీ. మీరంతా నాట్లలో ఉన్నారు కాబట్టి ఎవరూ రాకపోతే సభ చెల్లదనుకోకు. హాజరుకు కోరం లేదని ఆ అనుబంధంలోనే రాసి ఉంది. ఐదుగురు వచ్చినా సభ జరిగినట్టే. ఊరకే వాయిదా వేయడానికీ వీల్లేదు, అనుకోని అత్యవసర పరిస్థితి వస్తే తప్ప. వాయిదా వేస్తే మళ్లీ ప్రకటన ఇవ్వాలి. కనుక నువ్వు రాయవలసిన ఉత్తరం "మాకు వీలు కాదు" అని ఉండకూడదు. తెలుగు ప్రకటన ఆలస్యమైతే 30 రోజులు నిండలేదని, నివేదిక ఫలానా చోట ఇవ్వలేదని, కాబట్టి నిబంధన ప్రకారం కొత్త ప్రకటన ఇవ్వాలని రాయి. మండలికీ, కలెక్టరుకూ ఇద్దరికీ రాయి. 2020లో తెచ్చిన ముసాయిదాలో ఈ 30 రోజులను 20కి దించాలని చూశారు. 30 రోజులు ఎందుకు ముఖ్యమో నీకు ఇప్పుడు తెలిసి ఉంటుంది.

నన్నడిగితే, ఈ సభను నివేదిక రాయకముందే ఒకసారి పెట్టాలి. ఈ నివేదికలకు గాలి, నీరు కొలతలు సాధారణంగా వానాకాలం కాని ఒక సీజన్‌లో తీస్తారు. మీ ఊరి చెరువు అలుగు పారినప్పుడు నీళ్లు ఎటు వెళతాయో కొలిచే మనిషి వేసవిలో వస్తే ఎలా చూస్తాడు? మీ తాతను అడిగితే చెబుతాడు. కొలతలు మొదలుపెట్టే ముందే అడిగి ఉంటే నివేదికే వేరుగా ఉండేది. శ్రీకాకుళం జిల్లా సోంపేట చూడు. థర్మల్ కేంద్రం కోసం ఇచ్చిన భూమి అక్కడివారికి బీల, అంటే నీళ్లు నిలిచే నేల. చేపలు, సాగునీరు, పశువుల మేత అన్నీ దాని మీదే. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, అనుమతి వచ్చింది. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్నది ఆ కేసులో కీలకం. బీల అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లవలసిన పని లేదు కదా.

ఒకటి మరచిపోకు. అది ఓటింగు కాదు. ఎన్ని చేతులు లేచాయన్నది లెక్కించరు. కాబట్టి నినాదం కంటే నీ బావి లోతు, మీ ఊరి పశువుల సంఖ్య, బడికీ గనికీ ఉన్న దూరం ఎక్కువ పని చేస్తాయి. అవి రాసిన కాగితాన్ని అధికారి చేతికిచ్చి రసీదు తీసుకో.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ గ్యాస్, కరెంటు కంపెనీలు రేటు పెంచమని అడిగితే బోర్డు వారు సాయంత్రం నాలుగున్నరకు ఒకటి, ఐదున్నరకు ఒకటి విచారణ పెడతారు, ఆఫీసు నుంచి వచ్చేవారి కోసం. మన దగ్గర అలాంటి చట్టం లేదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్

జవాబు: సాయంత్రం పూట పెట్టమనే చట్టం లేదు. పారదర్శకంగా ఉండాలనే చట్టం ఉంది. విద్యుత్ కమిషన్లకు 86వ సెక్షన్‌లో, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి దాని చట్టం 11వ సెక్షన్‌లో. పారదర్శకత అంటే ఎన్ని గంటలకు అన్నది వారి ఇష్టం.

మీ దేశంలో 1946 నుంచి అన్ని ఫెడరల్ సంస్థలకూ కలిపి ఒకే పద్ధతి చట్టం ఉంది. నిబంధన ముసాయిదా ప్రకటించాలి, వ్యాఖ్యలు తీసుకోవాలి, తర్వాతే ఖరారు. ఇక్కడ దాని ప్రస్తావన సుప్రీంకోర్టు దాకా వచ్చింది. కాల్ మధ్యలో తెగిపోతే రూపాయి చొప్పున, రోజుకు మూడుకు మించకుండా వినియోగదారుడికి ఇవ్వాలని ట్రాయ్ 2015లో నిబంధన తెచ్చింది. 2016 మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. విచిత్రం ఏమిటంటే, ట్రాయ్ అంతకు ముందు అందరి వ్యాఖ్యలూ అడిగింది. వాటిని ఎందుకు ఒప్పుకోలేదో సరైన కారణం చెప్పలేదన్నది కోర్టు తప్పుబట్టిన వాటిలో ఒకటి. అమెరికా తరహా చట్టం ఒకటి పార్లమెంటు చేస్తే బాగుంటుందని కూడా ఆ తీర్పులో సూచించింది. అది ఇంకా సూచనగానే ఉంది. రూపాయి మాత్రం మనకు రాలేదు.

మీకు ఇక్కడ ఇంటి మీటరు ఉంటే, పరదేశంలో ఉన్నా అభ్యంతరం ఈమెయిల్ చేయవచ్చు. మన కమిషన్లు తీసుకుంటాయి.

ప్రశ్న: పెద్ద పరిశ్రమల వాళ్లు కమిషన్ వారిని విడిగా కలిసి మాట్లాడుకుంటే మా చిన్న రైస్ మిల్లుల సంగతి ఏం కావాలి?
— మిల్లు యజమాని, నిజామాబాద్

జవాబు: దరఖాస్తు విచారణలో ఉండగా ఏ పక్షమూ విడిగా కలవకూడదు, కమిషన్‌ది అప్పుడు న్యాయస్థానం తరహా పాత్ర. దరఖాస్తు ఏదీ లేనప్పుడు పరిశ్రమ కష్టసుఖాలు వినడం తప్పు కాదు. కానీ ఎవరు వచ్చారు, ఏం ఇచ్చారు అన్నది కమిషన్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీరూ పది మిల్లుల వాళ్లు కలిసి మే, జూన్ నెలల్లో అపాయింట్‌మెంటు అడగండి. ఆర్డరు వచ్చేసి పని ఒత్తిడి తగ్గి ఉంటుంది. కొత్త ఆర్డరు మీకు మరీ అన్యాయం చేసిందనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఎదురు చూడకండి. అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులే గడువు.

ప్రశ్న: మేడమ్, ఈసారి విచారణకు నేనే స్వయంగా వెళ్లాలనుకుంటున్నాను. మా ఇంట్లో కుట్టు మిషన్లు పెట్టి నలుగురం పని చేసుకుంటాం. వాణిజ్య కనెక్షన్ కింద బిల్లు వేస్తున్నారు. నన్ను ఎంతసేపు మాట్లాడనిస్తారు? ఇంగ్లిషు రాదు, పరవాలేదా?
— గృహిణి, అనంతపురం

జవాబు: పరవాలేదమ్మా, తెలుగులోనే మాట్లాడండి. మా బల్ల వెనక కూర్చున్న వాళ్లం కూడా తెలుగులోనే భయపడేవాళ్లం.

నాలుగైదు నిమిషాలు దొరుకుతాయి, జనం ఎక్కువైతే ఇంకా తక్కువ. అందుకే అసలు వాదన ముందే రాతలో వెళ్లాలి. ప్రకటనలో ఇచ్చిన గడువులోపు కమిషన్ కార్యదర్శికి ఒక ప్రతి, డిస్కం చిరునామాకు ఒక ప్రతి పంపండి. ఆంధ్రప్రదేశ్ కమిషన్ కార్యాలయం ఇప్పుడు కర్నూలులో ఉంది. పాత హైదరాబాద్ చిరునామాకు పంపితే ఎక్కడ తిరుగుతుందో తెలియదు. "స్వయంగా వచ్చి మాట్లాడతాను" అన్న వాక్యం తప్పకుండా రాయండి, ఆ వాక్యం ఉంటేనే పిలిచే జాబితాలో మీ పేరు చేరుతుంది. డిస్కం మీకు లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వాలి. అది సభకు ముందే చేతికొస్తే, మీ నాలుగు నిమిషాలనూ ఆ సమాధానంలో ఉన్న లోపం మీదే వాడండి. మీరు రాసినదే మళ్లీ చదవకండి.

ఇంట్లో నడిచే చిన్న పనులకు ఏ కేటగిరీ, ఎంత లోడు దాకా అన్నది కిందటి ఏడాది టారిఫ్ ఆర్డరులో చూసుకోండి. ఆ ఆర్డరులో అభ్యంతరం, దానికి డిస్కం జవాబు, దాని మీద కమిషన్ అభిప్రాయం ఒకదాని కింద ఒకటి అచ్చు వేస్తారు. మీలాంటివారు ఇంతకు ముందే అడిగి ఉండవచ్చు. కమిషన్ ఏమన్నదో ఆ పేజీ సంఖ్యతో సహా చెబితే అవతల ఫైళ్లు తెరుచుకుంటాయి. నా అనుభవంలో పేజీ సంఖ్య చెప్పిన మనిషిని మధ్యలో ఆపమన్న అధికారి లేడు.

మూడు నెలల బిల్లులు, మిషన్ మోటారు మీద ఉన్న వాట్ల పలక ఫోటో తీసుకెళ్లండి. సభ పొద్దున మొదలైనా, ముందు డిస్కం వారి ప్రజెంటేషన్ ఉంటుంది, అది అయ్యేసరికి పదకొండున్నర దాటుతుంది. మీ పేరు భోజనాల తర్వాత వస్తే తిరుగు బస్సు తప్పుతుంది. పొద్దున్నే రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్నవారికి మీరు ఏ ఊరినుంచి వచ్చారో చెప్పి, ముందు పిలవమని అడగండి. నేను చూసినంతలో దూరం నుంచి వచ్చినవారిని కాదనలేదు.